మానవ హక్కుల విమర్శలో ద్వంద్వ నీతి: అమెరికా–సోవియట్ వాగ్యుద్ధం

సొంత గడ్డపై జరిగే హక్కుల ఉల్లంఘనలను కప్పిపుచ్చుకుంటూ, పరాయి దేశాన్ని మాత్రం వేలెత్తి చూపే రాజకీయాన్ని ద్వంద్వ నీతి అంటారు. వాడుకలో దీనికి గురివింద నీతి అనీ పేరుంది. 20వ శతాబ్దంలో అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య సాగిన వాగ్యుద్ధం ఇందుకు ప్రధాన ఉదాహరణ. ఇరుపక్షాల ఆరోపణల్లో నిజం చాలానే ఉంది. ఎవరి నేరాలపై వారు నోరు మెదపలేదు.

తొలి దశ

1931లో అలబామా రాష్ట్రంలోని స్కాట్స్‌బరోలో, అత్యాచారం చేశారన్న తప్పుడు కేసులో 9 మంది నల్లజాతి కుర్రాళ్లను విచారించి, 8 మందికి మరణశిక్ష వేశారు. వారిని విడిచిపెట్టాలంటూ సోవియట్ యూనియన్‌లో పోస్టర్లు వెలిశాయి, సభలు జరిగాయి. 1932–33లో ఉక్రెయిన్‌లో లక్షలాది మంది ఆకలితో చనిపోతుంటే అదే సోవియట్ ప్రభుత్వం అసలు కరువే లేదని బుకాయించింది.

ఐక్యరాజ్యసమితిలో

1947లో నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ, నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ సంపాదకత్వంలో, అమెరికాలోని జాతి వివక్షపై తయారైన వినతిపత్రాన్ని సమితికి అందజేసింది. సమితి మానవ హక్కుల సంఘం అధ్యక్షురాలు ఎలినార్ రూజ్వెల్ట్ ఆ సంస్థ బోర్డులోనూ సభ్యురాలే. అయినా అమెరికా ప్రతినిధిగా ఆమె దాన్ని చర్చకు పెట్టడానికి ఒప్పుకోలేదు. విచారణ జరపాలన్న సోవియట్ ప్రతిపాదన వీగిపోయింది. 1948 డిసెంబరు 10న సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనపై ఓటింగు జరిగినప్పుడు సోవియట్ యూనియన్ తటస్థంగా ఉండిపోయింది. వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికా కూడా అదే బాట పట్టింది.

1951లో హక్కుల ఉద్యమకారుడు విలియం ప్యాటర్సన్ పారిస్‌లో, గాయకుడు పాల్ రాబ్సన్ న్యూయార్క్‌లో సమితికి మరో వినతిపత్రం సమర్పించారు. నల్లజాతీయులపై సాగుతున్నది జాతి నిర్మూలనేనని అందులో ఆరోపించారు. రాబ్సన్ పాస్‌పోర్టును అమెరికా ప్రభుత్వం అప్పటికే రద్దు చేసింది.

పర్యవసానాలు

ఎదుటివారి ఉద్దేశం ఏదైనా, ఎత్తిపొడుపులు పనిచేశాయి. బడుల్లో జాతి విభజనపై నడిచిన బ్రౌన్ కేసులో, వివక్ష కమ్యూనిస్టు ప్రచారానికి ఊతమిస్తోందని 1952 డిసెంబరులో అమెరికా న్యాయశాఖ సుప్రీంకోర్టుకు నివేదించింది. 1954 మే 17న ఆ విభజన రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది. గంట తిరక్కుండానే వాయిస్ ఆఫ్ అమెరికా ఈ వార్తను తూర్పు ఐరోపాకు వినిపించింది.

1975లో 35 దేశాలు సంతకం చేసిన హెల్సింకి ఒప్పందం సోవియట్ ప్రభుత్వాన్ని అలాగే ఇరకాటంలో పెట్టింది. ఒప్పందంలోని హక్కులు అమలవుతున్నాయో లేదో చూసేందుకు భౌతిక శాస్త్రవేత్త యూరీ ఓర్లోవ్ మాస్కోలో ఒక బృందాన్ని ఏర్పాటు చేస్తే, ఆయన్ను జైలుకు పంపారు.

అనంతర కాలం

మానవ హక్కులను విదేశాంగ విధానంలో ముందుకు తెచ్చిన అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, 1977 డిసెంబరు 31న టెహ్రాన్ విందులో ఇరాన్ షాను వేనోళ్ల పొగిడారు. షా రహస్య పోలీసు విభాగం సావక్ చిత్రహింసలకు పేరుమోసింది. అమెరికా విదేశాంగ శాఖ ప్రపంచ దేశాలపై ఏటా వెలువరించే నివేదికలకు పోటీగా, చైనా అమెరికాపై నివేదికలు ప్రచురిస్తోంది. 2006లో ఏర్పడిన సమితి మానవ హక్కుల మండలి, సభ్యదేశాలన్నిటి రికార్డునూ వంతులవారీగా సమీక్షించే పద్ధతిని తెచ్చింది. ఇందులో ప్రశ్నలు వేసే దేశం కూడా తన వంతు వచ్చినప్పుడు జవాబు చెప్పుకోవాలి.