కణేకల్ మైదానంలో ఎంత పొడుగు లెన్సు?

అనంతపురం జిల్లా కణేకల్ చుట్టుపక్కల చూపుకు అడ్డం తక్కువ. ఒక పక్క పెద్ద చెరువు, మరో పక్క హగరి ఏటి ఒడ్డున గాలి పోగేసిన ఇసుక దిబ్బలు, నడుమ వేరుశనగ చేలు, తుమ్మ చెట్లు. ఇంత బట్టబయలు నేలలో పిట్టల్నీ జింకల్నీ ఫొటో తీయాలంటే ఎంత పొడుగు లెన్సైతే అంత మేలని చాలామంది అనుకుంటారు. టెలిఫోటో లెన్సు చరిత్రనీ ఈ నేల తీరునీ కలిపి చూస్తే నాకు అలా తోచదు.

1891లో లండన్‌లో డాల్‌మేయర్, మ్యూనిక్‌లో స్టైన్‌హైల్, బెర్లిన్‌లో మీథె ఎవరికి వారే టెలిఫోటో లెన్సును రూపొందించారు. దూరం దగ్గరైంది గానీ వెలుతురు తగ్గిపోయింది, చిన్న అదురుకే బొమ్మ చెదిరేది. 1959లో ఫ్రాంక్ బ్యాక్ రూపకల్పనలో ఫోక్ట్‌లాండర్ తెచ్చిన 36-82 మి.మీ. జూమార్, అదే ఏడు నికాన్ ప్రకటించిన 85-250 మి.మీ. జూమ్ లెన్సు మార్చే పని తప్పించాయి. అదురు సమస్యకు మందు 1995లో కెనాన్ 75-300తో వచ్చింది. అంటే వందేళ్లకు పైగా తయారీదారులు పెనుగులాడింది ఒక్క పొడవు కోసమే కాదు, వెలుతురు, నిలకడ, బరువుల కోసం కూడా. కొనేవాళ్లు మాత్రం ఇవాళ్టికీ పెట్టె మీద పెద్ద అంకెనే చూస్తున్నారు.

ఆ పెద్ద అంకె నిజంగా ఎంత ఇస్తుందో లెక్క వేయండి. 600 మి.మీ. లెన్సుతో 60 మీటర్ల దూరంలో పిట్ట ఎంత కనిపిస్తుందో, 400 మి.మీ.తో 40 మీటర్లలో అంతే కనిపిస్తుంది. ఆ 20 మీటర్ల కోసం బరువూ ధరా రెండూ పెరుగుతాయి. పైగా పొద్దెక్కాక ఇక్కడి నేల సెగలు కక్కుతుంది, నేలకీ కంటికీ మధ్య గాలి అలలు అలలుగా కదులుతుంది. లెన్సు పిట్టతో పాటు ఆ అలల్నీ పెద్దవి చేస్తుంది. ఎంత ఖరీదైన గాజైనా ఎండమావిని తొలగించలేదు.

దగ్గరికి పోతే పిట్ట బెదరదా అంటారు. నడిచి పోతే బెదురుతుంది, నిజమే. ముందే పోయి తుమ్మ నీడలో కదలకుండా కూర్చుంటే చాలాసార్లు అదే దగ్గరికి వస్తుంది. 1940లలో ఇక్కడికి పడమటనున్న సండూరు సంస్థానంలో కొలువు చేసిన ఎం. కృష్ణన్ వేర్వేరు కంపెనీల భాగాలు కలిపి తానే కూర్చుకున్న కెమెరాతో, నలుపు తెలుపుల్లోనే అడవి జంతువుల ఫొటోలు తీశారు. ఆయన అసలు పనిముట్టు జంతువు నడత తెలిసి ఉండటం.

మరి అరుదైన పిట్టల మాటేమిటన్న ప్రశ్న ఇంకా గట్టిది. కలివికోడిని 1900లో అనంతపురం దగ్గర క్యాంప్‌బెల్ చూశాక, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద పరిశోధకుడు భరత్ భూషణ్‌కు దొరికేదాకా అది అంతరించిందనే అనుకున్నారు. అది రాత్రి తిరిగే పిట్ట. దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది టెలిఫోటో కాదు, పొదల్లో దాని ఆనుపానులు తెలిసిన స్థానికుడు. ఆ తర్వాతి పరిశోధకులకు అక్కరకొచ్చినవి దానంతటదే ఫొటో తీసే కెమెరాలు, మట్టిలో పడ్డ కాలి గుర్తులు. బట్టమేక పిట్ట సంగతి వేరు. దాని దగ్గరికి పోవడమే తప్పు, అక్కడ 600 మి.మీ. లెన్సు న్యాయమే. కానీ ఆ ఒక్క పిట్ట కోసం చెరువు కట్ట మీద తిరిగేవాళ్లందరూ రెండు కిలోల లెన్సు మోయనక్కర్లేదు.

కణేకల్ వైపు కెమెరాతో వచ్చేవాళ్లు 100-400 జూమ్ ఒకటి తెచ్చుకోండి. మిగిలిన డబ్బు ట్రైపాడ్‌కి పెట్టండి. ఎండ ఎక్కకముందే పని ముగించండి.