ఇంటర్నెట్ కాల్ ఏర్పాటు విధానాలు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

టెలిఫోను సంభాషణలో రెండు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. అవతలి వ్యక్తి ఎక్కడున్నదీ కనుగొని, గంట మోగించి, అంగీకారం పొంది, చివరకు కాల్‌ను ముగించడం ఒకటి. దీనిని సిగ్నలింగ్ అంటారు. మాటను చేరవేయడం రెండవది. డేటా నెట్‌వర్క్‌పై మాటను పంపడం 1970ల నాటికే సాధ్యమైంది. సిగ్నలింగ్ ఎవరి అదుపులో ఉండాలన్న ప్రశ్న మాత్రం 1990లలో ముందుకు వచ్చింది. ఆ ప్రశ్న పరిణామక్రమాన్ని పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

తొలి ప్రయోగం

అమెరికా రక్షణశాఖ నిధులతో నడిచిన ఆర్పానెట్ కోసం డానీ కోహెన్ ప్రభృతులు 'నెట్‌వర్క్ వాయిస్ ప్రోటోకాల్'ను రూపొందించారు. 1973 డిసెంబరులో దానిని తొలిసారి పరీక్షించారు. 1977లో ఆర్.ఎఫ్.సి. 741గా వెలువడిన ఈ పత్రం నియంత్రణ సందేశాలను, ధ్వని సమాచారాన్ని వేరుచేసి చూపింది. ఈ విభజన తరువాతి ప్రధాన విధానాలలోనూ కొనసాగింది.

రెండు సంప్రదాయాలు

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1996లో ఆమోదించిన హెచ్.323 టెలిఫోను పరిశ్రమ వారసత్వం నుంచి పుట్టింది. ఐ.ఎస్.డి.ఎన్. టెలిఫోను వ్యవస్థలోని క్యూ.931 సందేశాలే దాని కాల్ ఏర్పాటుకు ఆధారం. కాల్ కోసం ఒక అనుసంధానం, ఇరుపక్షాల సామర్థ్యాల చర్చకు హెచ్.245 పేరిట మరొకటి అవసరమయ్యేవి. ఈ జాప్యాన్ని తగ్గించడానికి 1998 నాటి రెండవ రూపంలో 'ఫాస్ట్ కనెక్ట్' పద్ధతిని చేర్చవలసివచ్చింది.

మార్క్ హాండ్లీ, హెన్నింగ్ షుల్జ్‌రిన్నె, ఈవ్ స్కూలర్ తదితరులు రూపొందించిన సిప్ 1999లో ఆర్.ఎఫ్.సి. 2543గా, 2002లో సవరించిన రూపంలో ఆర్.ఎఫ్.సి. 3261గా వెలువడింది. ఇది వెబ్ సంప్రదాయానికి చెందినది. దాని సందేశాలు మనిషి చదవగల అక్షరరూపంలో ఉంటాయి. పిలిచేవారి పరికరం 'ఇన్వైట్' పంపుతుంది, గంట మోగుతున్నదని 180, అంగీకారానికి 200 సంకేతాలు తిరిగి వస్తాయి, 'ఆక్'తో కాల్ స్థిరపడుతుంది, 'బై'తో ముగుస్తుంది. మధ్యనున్న ప్రాక్సీ దారి చూపితే చాలు. మాట రెండు పరికరాల నడుమ నేరుగా ప్రవహించవచ్చు. తెలివి నెట్‌వర్క్ అంచులలో ఉండాలన్న ఇంటర్నెట్ భావన ఇక్కడ స్పష్టం.

అదుపు తిరిగి వచ్చిన తీరు

మొబైల్ ప్రమాణాల సంస్థ 3జీపీపీ 2000లో సిప్‌నే ఎంచుకున్నది. అయితే దాని ఐ.ఎం.ఎస్. నిర్మాణంలో ప్రతి 'ఇన్వైట్' ఆపరేటరు సర్వర్ల గుండా పోవలసిందే. భారతదేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1న అనుమతి లభించినా, ఇక్కడి కంప్యూటరు నుంచి విదేశీ ఫోనుకు మాట్లాడవచ్చు గాని దేశంలోని ఫోనుకు మాట్లాడరాదన్న పరిమితి ఉండేది. సంతానం అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు అది ఊరట. హైదరాబాదు నుంచి గుంటూరుకు మాట్లాడదలచినవారికి మాత్రం పాత దారే గతి. 2016లో జియో తన 4జీ సేవలను ప్రారంభించినప్పుడు వోల్టీ రూపంలో సిప్ సామాన్యుల చేతికి వచ్చింది, కానీ ఆపరేటరు అదుపులోనే.

ముగింపు

సందేశరూపంలో సిప్ గెలిచింది. దానికి ప్రేరణ అయిన అంచుల స్వేచ్ఛ మాత్రం అదే స్థాయిలో నిలవలేదు. ఒక ప్రమాణం వ్యాప్తిని ఆ ప్రమాణం వెనుకనున్న భావన విజయంగా పరిగణించరాదని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.