మారకపు గడువు: కెనడా హాకీలో ఆటగాళ్ల పెంపకం, పంపకం

పలాస జీడితోటల్లో పూత పిందెగా మారే రోజుల్లో కెనడాలో ఇంకా మంచు కరగదు. ఆ మంచు మధ్యనే, సాధారణంగా మార్చి మొదటి వారంలో వచ్చే ఒక పనిదినాన, కార్యాలయాల్లోనూ కాఫీ దుకాణాల్లోనూ బస్సుల్లోనూ జనం మధ్యాహ్నం మూడు గంటలు ఎప్పుడవుతాయా అని చూస్తూ ఒకే విషయాన్ని వాదించుకుంటారు. ఆ వేళ వారు చూస్తున్నది ఆటను కాదు. నేషనల్ హాకీ లీగ్ అనే వృత్తి క్రీడాసంఘంలోని జట్లు ఆటగాళ్లను ఒకరితో ఒకరు మార్చుకోవడానికి ఆ ఏడాదికి అదే చివరి గడియ. అది దాటాక మారిన ఆటగాడు ఆ ఏటి కప్పు కోసం ఆడలేడు. ఈ మార్పిడినే అక్కడ ట్రేడ్ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వెళ్లి ఆ దేశంలో స్థిరపడిన వారికి ఆట నియమాలు ఒకటి రెండు సాయంత్రాల్లో పట్టుబడతాయి గాని, ఒక మనిషి ఉదయం ఒక నగరపు ఆటగాడిగా లేచి, తనను ఎవరూ అడగకుండానే, సాయంత్రానికి రెండు వేల మైళ్ల అవతలి నగరపు ఆటగాడు కావచ్చుననే సంగతి మాత్రం చాలాకాలం మింగుడుపడదు. ఆ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ దేశపు హాకీ చరిత్రలోకి కొంత దూరం పోవాలి.

తెలుగు పాఠకునికి హాకీ అనగానే పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తుకు రావడం సహజం. కెనడాలో ఆ మాటకు అర్థం గడ్డకట్టిన నీటి మీద, కాళ్లకు ఉక్కు అంచుల స్కేట్లు కట్టుకొని, పక్ అనే నల్లని రబ్బరు బిళ్లను కర్రలతో కొట్టుకుంటూ ఆడే ఆట. 1875లో మాంట్రియల్ నగరంలో ఇది పైకప్పు కిందికి వచ్చింది. గవర్నర్ జనరల్ స్టాన్లీ ప్రభువు ఇచ్చిన కప్పు 1893 నుంచి విజేతలకు దక్కుతున్నది. 1917లో అదే నగరంలో లీగ్ ఏర్పడింది. 1994లో పార్లమెంటు చట్టం చేసి దీనిని దేశపు శీతకాల జాతీయ క్రీడగా ప్రకటించింది. ఇప్పుడు లీగ్‌లో ఉన్న 32 జట్లలో కెనడావి ఏడే. పైగా 1993లో మాంట్రియల్ గెలిచిన తరువాత 2025 వరకు ఏ కెనడా జట్టూ ఆ కప్పు గెలవలేదు. ఆట తమది, కప్పు పొరుగువారిది అనే ఈ బాధ తెలిస్తేనే గడువునాటి వాదంలోని తీవ్రత అర్థమవుతుంది.

ఆ వాదం సారాంశంలో ఒక్క ప్రశ్న. ఈ ఏడే కప్పు గెలవడానికి చేతికందిన అనుభవజ్ఞుణ్ణి తెచ్చుకొని, అందుకు బదులుగా రేపు పెద్ద ఆటగాడు కాగల కుర్రవాణ్ణి ఇచ్చివేయవచ్చునా? ఇంకా ఎదుగుతున్న అటువంటి కుర్రవాణ్ణి అభిమానులు ప్రాస్పెక్ట్ అంటారు. ఏడాది చివరకు ఒప్పందం ముగిసిపోయే ఆటగాణ్ణి కొద్ది నెలల కోసం తెచ్చుకుంటే అతనిని రెంటల్, అంటే అద్దెకు తెచ్చుకున్నవాడు అంటారు. మారకంలో మనుషులే కాక డ్రాఫ్ట్ వంతులు కూడా చేతులు మారుతాయి. డ్రాఫ్ట్ అంటే ఏటా పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రవాళ్లను జట్లు వరుసక్రమంలో ఎంచుకునే సభ; అందులో ఓడిన జట్లకు ముందు వంతులు రావడం దాని మూలసూత్రం. వీటన్నిటి మీదా 2005 నుంచి జీతాల మొత్తానికి ఒక పరిమితి ఉంది. కనుక ధనవంతుడైన యజమాని కూడా కావలసిన వాళ్లందరినీ కొనలేడు, ఒకరిని తెచ్చుకోవాలంటే మరొకరిని వదులుకోవాలి.

2025 మార్చి 7 నాటి గడువులో టొరంటో మేపుల్ లీఫ్స్ చేసిన పని దీనికి నిండైన ఉదాహరణ. 1967 తరువాత కప్పు ముఖం చూడని ఆ జట్టు బోస్టన్ నుంచి బ్రాండన్ కార్లో అనే రక్షణ ఆటగాణ్ణి తెచ్చుకొని, అందుకు ఇరవై ఏళ్ల ఫ్రేజర్ మింటెన్‌ను, ఒక మొదటి రౌండు డ్రాఫ్ట్ వంతును, నాలుగో రౌండు వంతును ఇచ్చింది. ఫిలడెల్ఫియా నుంచి స్కాట్ లాటన్‌ను తెచ్చుకోవడానికి నికీతా గ్రెబెంకిన్ అనే మరో కుర్రవాణ్ణి, మరో మొదటి రౌండు వంతును వదులుకుంది. అదే రోజున బోస్టన్ జట్టు తన కెప్టెన్ బ్రాడ్ మార్షాండ్‌ను ఒక భావి డ్రాఫ్ట్ వంతు కోసం ఫ్లోరిడాకు పంపివేసింది. మూడు నెలలు తిరగకముందే రెండో దశ పోటీలో ఫ్లోరిడా ఏడో ఆటలో టొరంటోను దాని సొంత నగరంలోనే 6–1 తేడాతో ఓడించి, తరువాత కప్పు కూడా గెలుచుకుంది. మింటెన్‌ను ఇచ్చి తప్పు చేశారని కొందరు, గెలిచే అవకాశమున్న ఏట చేతులు ముడుచుకొని కూర్చోవడమే అసలు తప్పని మరికొందరు వాదించారు. ఆ వాదనలో బస్సు డ్రైవర్లు, బడిపంతుళ్లు కూడా ఒక పద్దెనిమిదేళ్ల కుర్రవాడి ఎదుగుదల తీరును, స్కేటింగులో అతనికి ఉన్న లోపాన్ని, ఓపిక పడితే అతడు ఏ వయసుకు చేతికందివస్తాడో వివరంగా చెప్పగలగడం ఉత్తరాంధ్ర ప్రవాసికి గౌరవం కలిగించే విషయం.

అయితే ఆ కుర్రవాళ్ల మీద జట్లకు ఇటువంటి హక్కు మొదట ఎలా వచ్చిందన్న చరిత్ర అంత గౌరవప్రదమైనది కాదు. ఆరు జట్లు మాత్రమే ఉన్న రోజుల్లో ప్రతి జట్టూ ఊళ్లలోని కుర్రవాళ్ల సంఘాలకు పెట్టుబడి పెట్టి, సీ ఫారం అనే కాగితం మీద సంతకం చేయించుకొని, బాలుడి భవిష్యత్తు మొత్తాన్ని తన పేర రాయించుకునేది. మైనర్ల విషయంలో ఆ సంతకం తల్లిదండ్రులది. ఆంటారియోలోని పారీ సౌండ్ అనే చిన్న ఊరి బాబీ ఓర్, తరువాత ఆ ఆట చూసిన మహామహుల్లో ఒకడైనవాడు, 1962లో పద్నాలుగేళ్ల వయసులో బోస్టన్ జట్టుకు దక్కినప్పుడు, ఒప్పందంలో కొద్దిపాటి సొమ్ముతో పాటు ఆ ఇంటి గోడలకు కొత్త పూత వేయించడం కూడా ఒక షరతు. శ్రీకాకుళం రైతు ఇళ్లలో ఒకప్పటి కంబారి పద్ధతిని ఎరిగినవారికి ఈ కథ కొత్తగా ఉండదు. కుటుంబం అక్కరకు తీసుకున్న ముందుసొమ్ముకు కుర్రవాడి చాకిరీ హామీగా నిలవడం రెండు చోట్లా ఉంది; తండ్రి మాట ఇస్తే కొడుకు కట్టుబడడం రెండు చోట్లా ఉంది; పశువుల పాకలో పడుకున్న పిల్లవానికీ, పరాయి ఊరి ఇంట్లో పడుకున్న పదహారేళ్ల హాకీ పిల్లవానికీ రాత్రివేళ అమ్మ జ్ఞాపకం ఒకటే. కాని పోలికను ఇంకా లాగి చూస్తే ఒకచోట కంబారి పరిస్థితే మెరుగని ఒప్పుకోవలసి వస్తుంది. అప్పు తీరిన కంబారి ఏడాది చివర మరో రైతును చూసుకోగలడు. హాకీ ఆటగాడికి మాత్రం రిజర్వ్ నిబంధన అడ్డుపడేది: ఒప్పందం ముగిసినా హక్కు జట్టుదే, ఆడితే ఆ జట్టుకే ఆడాలి, లేదా ఆట మానుకోవాలి. కంబారికి కీర్తి లేదు, ఆటగాడికి ఉంది. అయినా ఆ కీర్తి అతని కాళ్లకు స్వేచ్ఛ ఇవ్వలేదు.

యజమానులు మారకాన్ని శిక్షగానూ వాడారు. డెట్రాయిట్ మేటి ఆటగాడు టెడ్ లిండ్సే 1957లో ఆటగాళ్ల సంఘం పెట్టడానికి పూనుకొని దానికి అధ్యక్షుడు కాగానే, అప్పటికి బలహీనంగా ఉన్న చికాగో జట్టుకు అతనిని పంపివేశారు; మరుసటి ఏటికి ఆ సంఘం విచ్ఛిన్నమైంది. 1967లో గాని ఆటగాళ్లు నిలిచే సంఘాన్ని కట్టుకోలేకపోయారు. ఇక ఒకే ఒక్క ఆటగాడి కోసం యజమానులు ఎంత దూరం పోగలరో జాన్ బెలివో ఉదంతం చెబుతుంది. అతడు క్విబెక్ నగరంలో పేరుకు ఔత్సాహికమైన ఒక సీనియర్ లీగ్‌లో హాయిగా ఆడుకుంటూ మాంట్రియల్‌కు రానంటే, 1953లో మాంట్రియల్ జట్టు యజమానులు ఆ లీగ్ మొత్తాన్నే కొని, దానిని వృత్తి లీగ్‌గా మార్చి, అందులోని వారందరి హక్కులతో పాటు అతని హక్కునూ సంపాదించారు. ఆ తరువాత అతడు మాంట్రియల్‌కు పది కప్పులు గెలిచి పెట్టాడు.

1963లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. సీ ఫారం పద్ధతి 1960ల చివరికి అంతరించి, బాలుణ్ణి ఇంటి దగ్గరే కట్టిపడవేయడానికి బదులు అందరి ముందూ వంతుల ప్రకారం ఎంచుకోవడం స్థిరపడింది. 1972లో పోటీ లీగ్ ఒకటి పుట్టి, బాబీ హల్ వంటి మేటిని పెద్ద సొమ్ముతో విన్నిపెగ్ నగరానికి తీసుకుపోవడంతో రిజర్వ్ నిబంధన కూడా నిలవలేకపోయింది. అయితే హక్కు అనేది పోలేదు, అది చేతులు మారగల సరుకైంది. మాంట్రియల్ మేనేజర్ శామ్ పొలాక్ అందరికంటే ముందు ఈ సంగతిని గ్రహించాడు. గై లఫ్లర్ అనే క్విబెక్ కుర్రవాడు 1971 డ్రాఫ్ట్‌లో మొదటివాడవుతాడని ఊహించి, కాలిఫోర్నియాలోని బలహీనమైన సీల్స్ జట్టు దగ్గర ఆ ఏటి మొదటి రౌండు వంతును ఒక ఏడాది ముందే తీసుకున్నాడు. మధ్యలో లాస్ ఏంజెలెస్ జట్టు సీల్స్ కంటే కిందికి దిగజారేటట్టు కనిపించగా, రాల్ఫ్ బ్యాక్‌స్ట్రమ్ అనే మంచి ఆటగాణ్ణి ఆ లాస్ ఏంజెలెస్‌కు పంపి దానిని నిలబెట్టాడని హాకీ చరిత్రలో నేటికీ చెప్పుకుంటారు. సీల్స్ అట్టడుగున నిలిచింది, లఫ్లర్ మాంట్రియల్‌కు వచ్చాడు, వారికి ఐదు కప్పులు గెలిచి పెట్టాడు.

గడువునాటి జ్వరానికి కారణం మరొక మారకం. 1980 మార్చి 10న న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు ఇద్దరిని ఇచ్చి లాస్ ఏంజెలెస్ నుంచి బుచ్ గోరింగ్‌ను తెచ్చుకొని, ఆ ఏడు మొదలుకొని వరుసగా నాలుగు కప్పులు గెలవడంతో, చివరి గడియలో వచ్చే ఒక్క మనిషి చాలునన్న నమ్మకం లీగ్ అంతటా పాకింది. దానికి ఎదురు సాక్ష్యం 2013లో దొరికింది: వాషింగ్టన్ జట్టు గడువు రోజున మార్టిన్ ఎరాట్ అనే అనుభవజ్ఞుని కోసం ఫిలిప్ ఫోర్స్‌బర్గ్ అనే పద్దెనిమిదేళ్ల స్వీడన్ కుర్రవాణ్ణి నాష్‌విల్‌కు ఇచ్చివేసింది; ఎరాట్ ఏడాదికే వెళ్లిపోగా, ఫోర్స్‌బర్గ్ నాష్‌విల్‌కు ఏళ్ల తరబడి ప్రధాన గోల్ వీరుడయ్యాడు. గడువు వాదంలో ఒకరు గోరింగ్ పేరు ఎత్తితే మరొకరు ఫోర్స్‌బర్గ్ పేరు ఎత్తక మానరు. 1988 ఆగస్టులో మహామేటి వేన్ గ్రెట్‌స్కీని ఎడ్మంటన్ జట్టు యజమాని ఇద్దరు ఆటగాళ్లకు, మూడు మొదటి రౌండు వంతులకు, కోటీ యాభై లక్షల డాలర్లకు లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చివేసినప్పుడు, ప్రభుత్వం అడ్డుకోవాలని నెల్సన్ రీస్ అనే పార్లమెంటు సభ్యుడు కోరేదాకా వ్యవహారం పోయింది. అది గడువునాటి మారకం కాదు, కానీ ఆ దేశ ప్రజలకు ఇప్పటికీ మానని గాయం.

పెంపకం విషయానికి వస్తే, దానికి వార్తల్లో దక్కే చోటు చాలా తక్కువ. పెరట్లో నీరు పోసి గడ్డకట్టించిన చదరం మీద తండ్రి నేర్పే తొలి అడుగులు, తెల్లవారుజామున ఊరి మంచుశాలలో సాధన, పదహారో ఏట జూనియర్ జట్టుకు ఎంపికై ఎవరో దయగల కుటుంబం ఇంట బస, పద్దెనిమిదికి డ్రాఫ్ట్, ఆపై చిన్న లీగ్‌లో రెండు మూడేళ్ల నలుగుబాటు. ఇంత చేసిన తరువాత కూడా చాలామంది పైకి రారు. జూనియర్ ఆటగాళ్ల తరఫున కనీస వేతనం కోరుతూ 2014లో న్యాయస్థానంలో దావా పడిందంటే ఈ పెంపకంలో అన్యాయం లేకపోలేదు. అయినా ఒక మంచి ఏర్పాటు ఉంది: కుర్రవాణ్ణి తీర్చిదిద్దిన జూనియర్ సంఘాలకు పెద్ద లీగ్ ఒప్పందం ప్రకారం కొంత సొమ్ము ముట్టజెబుతుంది, ప్రతి ఆటగాని వివరాలలోనూ అతడు ఎదిగిన ఊరు, జూనియర్ జట్టు తప్పక ఉంటాయి.

ఈ మాట దగ్గరే ఉత్తరాంధ్ర ప్రవాసి మనసు ఇంటికి మళ్లుతుంది. కొని తెచ్చుకోవడం, పెంచుకోవడం అనే రెండు దారులూ ఆ నేలకు తెలియనివి కావు. విజ్జీగా పేరుపొందిన విజయనగరం మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు 1930–31లో ఇంగ్లండు మేటి బ్యాట్స్‌మన్‌లు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి సొంత జట్టుతో భారత, సింహళ దేశాల్లో పర్యటించాడు. అది సిద్ధమైన కీర్తిని తెచ్చుకునే దారి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో శిక్షకుడు నీలంశెట్టి అప్పన్న దగ్గర పన్నెండేళ్ల వయసులో బరువులెత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. అది పెంచే దారి, దానికి 13 ఏళ్లు పట్టింది. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ కూడా ఆ దారినే నడిచింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. మల్లీశ్వరి తరువాతి జీవితం హర్యానాలో, ఢిల్లీలో సాగింది. ఆటగాళ్లు పెద్ద శిబిరాలకు, రైల్వేలకు, సైనిక దళాలకు, ఇతర రాష్ట్రాలకు వెళ్లడం తప్పు కాదు, అది వారి హక్కు; కెనడా కుర్రవాళ్లు పోరాడి సంపాదించుకున్నది కూడా అటువంటి హక్కే. కాని వెళ్లినవారి పేరు వెంట ఊరి వ్యాయామశాలకు, తొలి గురువుకు రావలసిన సొమ్ము గాని గుర్తింపు గాని రాకపోవడం న్యాయం కాదు.

అందువల్ల శ్రీకాకుళం, విజయనగరం పాఠకులకు, ఆ జిల్లాల క్రీడాసంఘాలకు, పత్రికలకు దూరదేశం నుంచి ఒక విన్నపం: పతకం గెలిచిన ప్రతి ఆటగాని పేరు పక్కన అతడు పెరిగిన ఊరిని, మొదట నేర్పినవారి పేరును అచ్చువేయండి, ప్రభుత్వం బహుమతి ప్రకటించిన ప్రతిసారీ అందులో ఒక భాగం ఆ ఊరి వ్యాయామశాలకు చేరాలని అడగండి.