'బ్లిజర్డ్': ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు

హిమంతో కూడిన పెనుగాలిని ఆంగ్లంలో 'బ్లిజర్డ్' అంటారు. తెలుగులో దీన్ని 'మంచు తుఫాను' అని అనువదిస్తున్నాం. ఈ మాట చరిత్ర భాషా విద్యార్థులకు మంచి పాఠం.

ఇది అమెరికాలో వ్యాప్తిలోకి వచ్చిన పదం. 1829 నాటికి అక్కడ దీని అర్థం 'బలమైన దెబ్బ'. తుపాకీ గుళ్ళ వర్షానికీ ఇదే మాట వాడారు. హిమపాతమనే అర్థానికి 1859 నుంచి ఆధారం ఉంది. అయోవా రాష్ట్రంలో ఎస్తర్‌విల్ అనే చిన్న ఊరి పత్రిక, 1870 మార్చిలో వచ్చిన మంచుగాలిని వర్ణిస్తూ, ఏప్రిల్‌లో ఈ మాటను ఉద్ధరణ చిహ్నాల మధ్య అచ్చువేసింది. జనం నోట ఉన్న మాట అచ్చుకు ఇంకా కొత్త అని ఆ చిహ్నాలే సూచిస్తున్నాయి. 1880-81 నాటి కఠినమైన చలికాలంలో అది దేశమంతటా పాకింది. 1888లో రెండు ఘోర విపత్తులు దాన్ని స్థిరపరిచాయి. జనవరి 12న మధ్య మైదానాల్లో సుమారు 235 మంది మరణించారు. వారిలో బడినుంచి ఇంటికి బయలుదేరిన పిల్లలెందరో ఉన్నారు. మార్చిలో తూర్పు తీరంలో 400 మందికి పైగా చనిపోయారు.

వ్యుత్పత్తి మాత్రం తేలలేదు. మెరుపు అనే అర్థం గల జర్మన్ 'బ్లిట్స్'తో కొందరు ముడిపెట్టారు. 'బ్లో', 'బ్లాస్ట్', 'బ్లస్టర్' మాటల్లో వలె ఇదీ ధ్వన్యనుకరణమే కావచ్చునన్న అభిప్రాయానికి ఎక్కువ ఆమోదం ఉంది. మన 'ఫెళఫెళ', 'ధడేలు' వంటివి ఇలా పుట్టినవే కదా!

నేటి అమెరికా వాతావరణ శాఖ నిర్వచనం కచ్చితమైనది: గంటకు 35 మైళ్ళు, లేదా అంతకు మించిన గాలి, పావు మైలుకన్న తక్కువ చూపుమేర, ఈ స్థితి కనీసం 3 గంటలు. కొత్తగా మంచు కురవనక్కరలేదు. నేలమీది మంచును గాలి లేపినా చాలు.

మన అనువాదంలో ఈ సూక్ష్మం అందదు. తెలుగు 'మంచు' పొగమంచుకూ, తుషారానికీ, హిమానికీ ఒక్కటే. కన్నడ 'మంజు' కూడా అంతే. 'తుఫాను' అరబ్బీ మూలం గలది. అక్కడ దానికి ప్రళయజలమని అర్థం.

మాట అచ్చెక్కిన తేదీ, పుట్టిన తేదీ ఒకటి కావు. ఎస్తర్‌విల్ పత్రిక నిలబెట్టినట్టు, హోసూరు, బళ్ళారి, బరంపురం ఇళ్ళలో వినిపించే తెలుగు మాటలను ఎవరైనా రాసిపెట్టాలి. చలిగాలికీ, పొగమంచుకూ మీ అమ్మమ్మలు ఏమంటారో అడిగి, ఊరి పేరుతో, తేదీతో సహా రాసుకోండి. నిఘంటువుకు మొదటి ఆధారం అదే అవుతుంది.