పసులకు గుఱుతులు, పద్దులు

మాట వినక ఊరిమీద పడి తిరుగు పడుచువానిని మన పెద్దలు అచ్చువేసిన ఆంబోతు అని తిట్టుదురు. ఆ తిట్టు తినని బాలుడు కృష్ణాతీరమున ఉండడు. నేనును తింటిని, పిదప ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండి పెక్కుమందిని తిట్టితిని. అయినను ఆ అచ్చు ఎట్టిది, ఎవరు వేసిరి, ఎందులకు వేసిరి యని నన్నడిగిన శిష్యుడు ఒక్కడును లేడు. వారడుగని ఆ ప్రశ్నతోనే నేటి ప్రసంగమును మొదలుపెట్టెదను.

గతించినవారికి పదునొకండవనాడు జరుపు కర్మలలో వృషోత్సర్జనమని యొకటి కలదు. లక్షణవంతమగు కోడెను తెచ్చి, కమ్మరిచేత ఒక ప్రక్క చక్రమును, రెండవప్రక్క త్రిశూలమును ముద్ర వేయించి, స్నానము చేయించి, అలంకరించి, పెయ్యలతో కూడ విడిచిపెట్టవలెనని విష్ణుస్మృతి విధించుచున్నది. ఆ ముద్ర పడినది మొదలు ఆ కోడె ఎవరిదియు కాదు. దానిని కాడికి కట్టరాదు, అమ్మరాదు. చేలో పడి మేసినను రైతు అదలించి తోలుకొనవలసినదే. ఇట్టి ఆంబోతును ఎవడైన పట్టి అమ్ముకొన్నచో అది దొంగతనమగునా కాదా యను తగవు 1880-90 ప్రాంతముల న్యాయస్థానములకు ఎక్కినది. శ్రాద్ధమున విడిచిన వృషభమునకు యజమాని లేడు, యజమాని లేనిదానిని తీసికొనుట దొంగతనము కాదని అలహాబాదు, కలకత్తా హైకోర్టులు తీర్పు చెప్పినవి. దేవాలయమునకు సమర్పించిన కోడె మాత్రము స్వేచ్ఛగా తిరుగుచున్నను ధర్మకర్తల యధీనములోని సొత్తేయని మద్రాసు హైకోర్టు వేఱొక వ్యాజ్యమున నిర్ణయించినది. పితరులకై విడిచినదానికి రక్షకుడు లేడు, దేవునికి ఇచ్చినదానికి ఉన్నాడు. వినుటకు వింతగా నున్నను తర్కమునకు నిలుచు మాటయే.

నేను చెప్పదలచిన విషయము ఇక్కడనే మొదలగుచున్నది. ఒక పశువును ఎవరిదియు కాకుండ చేయుటకు వేసిన ముద్ర యిది. ఇంతకంటె ప్రాచీనమైన ముద్ర మఱియొకటి కలదు; అది పశువు ఫలానివారిదని చాటుటకు వేసినది. ఇనుము ఒక్కటే, మంట ఒక్కటే, అర్థములు మాత్రము ఉత్తరదక్షిణములు.

ఆ రెండవ ముద్రకు వేదకాలమునాడే సాక్ష్యమున్నది. దూడల రెండుచెవులపై ఎఱ్ఱని కత్తితో గుఱుతు పెట్టు సందర్భమున పఠించు సూక్తము అథర్వవేదమున కలదు. ఎఱ్ఱనిదనగా రాగికత్తి యని పెద్దల వ్యాఖ్య. పాణిని మహర్షి ఈ చెవిగుఱుతుల కొఱకు ఒక సూత్రమునే వ్రాసినాడు. గుఱుతును తెలుపు పదమునకు పిమ్మట కర్ణశబ్దము వచ్చినచో ముందున్న అచ్చు దీర్ఘమగును. చెవిమీద కొడవలిగుఱుతు గల పశువు దాత్రాకర్ణము. అయితే కొన్నింటికి ఈ దీర్ఘము లేదు. పంచకర్ణము, ఛిన్నకర్ణము, ఛిద్రకర్ణము, స్వస్తికకర్ణము అనియే యుండును. అష్టకర్ణశబ్దము ఋగ్వేదములోనే యున్నది. బాల్యమున గురువుగారి యెదుట ఈ సూత్రమును వల్లించునపుడు ఇది దీర్ఘమునకు సంబంధించిన సూక్ష్మమనియే తలచితిని. ఇది పసులమందల వ్యవహారమని, ఇన్నివిధములైన చెవులు నిజముగా గడ్డిమేసి తిరిగినవని, కాశికావృత్తి చదివిన తరువాతగాని నాకు తట్టలేదు. యజమానిని తెలుపుటకే ఈ గుఱుతులని వృత్తికారులు స్పష్టముగా చెప్పినారు.

గుఱుతు పెట్టుట ఒక యెత్తు, దానిని పద్దులోనికి ఎక్కించుట మఱియొక యెత్తు. ఈ రెండవపని యెట్లు జరుగవలెనో కౌటిల్యుని యర్థశాస్త్రమున గోఽధ్యక్షుడను నధికారి ప్రకరణము తెలుపుచున్నది. దూడ పుట్టిన ఒకటి రెండు మాసములలో దానికి ముద్ర వేయవలెను. ఎచ్చటనుండియో వచ్చి మందలో కలిసిన పశువు నెల రెండునెలలు నిలిచిపోయినచో దానికిని వేయవలెను. వేసిన ముద్ర, పుట్టుమచ్చ, వన్నె, కొమ్ముల నడిమి యెడము, ఈ నాలుగింటిని ప్రతిపశువునకు పుస్తకమున వ్రాయవలెను. కొమ్ముల నడిమి యెడమును వ్రాయుమన్నవాడు మందను దగ్గఱనుండి చూచినవాడు; ముద్ర మానిపోవచ్చును, వన్నె రెండింటికి ఒకటే కావచ్చును, కొమ్ముల తీరు మాత్రము ఏ రెండింటికిని సరిగా కలియదు.

పశువు చచ్చినచో గోపాలుడు ఊరక చచ్చినదని చెప్పిన చాలదు. ఆవుగాని గేదెగాని యైనచో ముద్రగల చర్మమును, మేకగొఱ్ఱెలైనచో గుఱుతుగల చెవిని, గుఱ్ఱము గాడిద ఒంటెలైనచో ముద్రచర్మముతోపాటు తోకను తెచ్చి చూపవలెను. రాజముద్రను అడ్డుపెట్టుకొని పరుల పశువును మార్చినవానికి దండన వేఱుగ నున్నది. పద్దును నమ్మినవాడు పద్దు వ్రాయువానిని నమ్మలేదన్నమాట! దుర్యోధనుడు ద్వైతవనమునకు పోయినది పాండవుల దుస్థితిని చూచి సంతసించుటకే యైనను, తండ్రి యనుమతికై చెప్పిన సాకు మాత్రము మందల లెక్క చూచుట, దూడలకు గుఱుతులు వేయించుట. ధృతరాష్ట్రుడు కాదనలేకపోయెననగా ఆ పని రాజులకు ఎంత యవశ్యమో ఊహింపవచ్చును.

ఇక మన సీమకు వత్తము. గుడివాడలోగాని దివిసీమలోగాని చిన్నయూరి రైతునకు ఇంటివద్ద ముద్రతో పని తక్కువ. కఱ్ఱావు, పుల్లావు, బొల్లావు, చుక్కావు, బోడావు అని పేర్లలోనే పద్దు ఉన్నది. దానికి తోడు పండ్లు, సుళ్లు. రెండుపండ్లదా, నాలుగుపండ్లదా, కడపండ్లు వేసినదా. సుడి మూపుమీదనా, నుదుటనా. ఇవి యన్నియు ఊరందఱకు కంఠస్థము. ఇందొక చిక్కును గూడ చెప్పవలెను. రోగము వచ్చిన పశువునకు వాత పెట్టుట మనవారి పాతవైద్యము. కావున ఒంటిమీద కాల్చిన మచ్చ కనబడిన మాత్రమున అది సొంతదారుని గుఱుతని తలపరాదు.

పశువు పొలిమేర దాటినప్పుడు ఈ జ్ఞాపకపు పద్దు చెల్లదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పాఱిన తరువాత డెల్టాలో బీళ్లు వరిచేలైనవి. అన్నము పెరిగినది, మేపు తరిగినది. నాట్లకాలమున పసులకు కాలుపెట్ట చోటులేక, గొడ్లను మెట్టసీమ బీళ్లకును అడవులకును తోలి పంట యొబ్బిడియైన పిదప మరల తెచ్చుకొను పద్ధతి ఏర్పడినది. పెక్కిండ్ల గొడ్లు ఒకే కాపరి చేతిక్రింద నెలలతరబడి పరాయి యూళ్ల గొడ్లతో కలిసి మేయును. అప్పుడు చెవి కోతకును, కాల్చిన ముద్రకును మరల విలువ వచ్చును. లేనిచో తిరిగివచ్చునాడు కాపరి మాటయే వేదము.

ఇంటికడ నిలిచిన గొడ్డు మాత్రము ఊరక యుండునా? వరిచేలో పడును. పడినదానిని బందెలదొడ్డికి తోలుదురు. 1871వ సంవత్సరపు పశువుల అతిక్రమణ చట్టమును ఆనాటి రైతు బాధగానే తలచెను. దొడ్డిరుసుము చెల్లింపలేక కంట తడిపెట్టిన వారెందఱో! అయినను ఆ చట్టము పల్లెలోనికి ఒక క్రొత్త వస్తువును తెచ్చినది, అది పశువును గూర్చిన పుస్తకము. దొడ్డికాపరి వచ్చిన గొడ్ల సంఖ్యను, వాని యానవాళ్లను, తోలిన దినమును గంటను, తోలినవాని పేరును ఊరిని, తెలిసినచో సొంతదారుని పేరును వ్రాసి, తోలినవానికి నకలు ఇయ్యవలెను. ఏడుదినములలో ఎవరును రాకున్న పోలీసు ఠాణాకు తెలుపవలెను. వారు ఆనవాళ్లతో ప్రకటన అంటించి, పట్టిన యూరను, దగ్గఱి సంతలోను దండోరా వేయించవలెను. మఱి యేడుదినములు చూచి వేలము. ఆ వేలమున దొడ్డికాపరిగాని పోలీసు అధికారిగాని పాట పాడరాదు. కౌటిల్యుని సంశయమే ఇంగ్లీషు చట్టములోను కానవచ్చుచున్నది. సొంతదారుడు వచ్చినచో పుస్తకమున రసీదు వ్రాసి గొడ్డును తోలుకొనిపోవును. చదువురాని రైతు వేలిముద్ర వేసినచోట అతని పశువు వన్నెయు కొమ్ములును వ్రాతలో నిలిచినవి.

ఇట్టి యత్నము మనకే చెల్లినది కాదు. దక్షిణ అమెరికా పర్వతములలో లామా, అల్పాకా యను ఉన్నిజంతువులు కలవు. ఇంకా చక్రవర్తులు ఏటేట వాని లెక్కను వన్నెల వారీగా తీసి, లిపి లేనందున దారములకు ముడులు వేసి భద్రపఱచిరి. ఆ సీమవారు నేటికిని వేడుక చేసి వాని చెవులకు రంగు ఉన్నికుచ్చులు కట్టుదురు. ఇంగ్లాండున జింకలను గూడ మందలుగా సాకుదురు. ఆ మంద యుండుచోటు సర్కారువారి పద్దు కెక్కవలెను. మనదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముచేత జింక యెవరి సొత్తును కాదు. పట్టి పెంచుకొన్నవానికి శిక్ష తప్పదు. ఒకచోట మందలోని పశువు, మఱొకచోట వనములోని మృగము.

జ్ఞాపకపు పద్దు ఎచ్చట తెగునో నేను కన్నులార చూచితిని. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విఱుచుకొనిపడినది. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనను గూర్చి తాతలు చెప్పగా వినినవారమే గాని అట్టిది మా కాలమున వచ్చునని యెవరును తలపలేదు. హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు గ్రామములలో వేలకొలది జనము పోయిరి. పోయిన గొడ్లకు లెక్కయే లేదు. అప్పటికి నాకు పదునెనిమిదేండ్లు. కొన్నాళ్లకు ఆ వైపు బియ్యము మోయుటకు పోయిన కుఱ్ఱవాండ్రలో నేనొకడను. ఒక గట్టుమీద ఒక గేదె నిలిచియుండెను. ఇరువురు దానిని తమదనుచుండిరి. ఇరువురును అబద్ధమాడువారివలె కనబడలేదు. ఇట్టి తగవునకు మన పల్లెలలో పాతపద్ధతి యొకటి కలదు. పలుపు విప్పి గొడ్డును వదలుదురు, అది ఏ యింటి గుంజకడకు పోయి నిలుచునో ఆ యింటిది. పెద్ద యొకడు పలుపు విప్పినాడు. గేదె నాలుగడుగులు వేసి నిలిచిపోయినది. పోవుటకు ఇండ్లు లేవు, గుంజలు లేవు. సుళ్లు, పండ్లు చూచి సాక్ష్యము చెప్పదగిన ఇరుగుపొరుగువారును లేరు. తుదకు దానిని ఎవరు తోలుకొనిపోయిరో చూడకయే మేము బయలుదేరితిమి.

ఇప్పుడు దివిసీమ గేదె చెవికి పసుపుపచ్చని బిళ్ల యున్నది. 2019లో గాలికుంటు నివారణకై దేశమంతట ప్రారంభమైన కార్యక్రమములో టీకా వేయు పశువులకు ఈ బిళ్ల తగిలించుట నియమమైనది. దానిపై పండ్రెండంకెల సంఖ్య. ఆ సంఖ్యక్రింద జాతి, వయస్సు, యజమాని, వేసిన టీకాలు ఎక్కడో దూరమున కంప్యూటరులో నమోదై యుండును. ఊరు మునిగినను పద్దు మునుగదు. జనులు దీనిని పశువుల ఆధారు అందురు. బీమాకును ఇట్టి బిళ్లయే యాధారము. పశువు చచ్చినచో బిళ్లను చూపనిదే సొమ్ము ముట్టదు. చెవిని చూపుమన్న యర్థశాస్త్రపు గోపాలుని ప్రకరణమునకును దీనికిని మాటలలో తప్ప భేదము నాకు కానరాదు.

లోపమును చెప్పకుండుట న్యాయము కాదు. ముండ్లకంచెకు తగులుకొని, గుంజకు రాచుకొని బిళ్ల ఊడిపోవుచుండును. ఊడిన వెంటనే పశువైద్యశాలకు పోయి క్రొత్తది వేయించి, పాతసంఖ్య స్థానమున క్రొత్తసంఖ్యను వ్రాయించవలెను. చాలమంది ఆ పని చేయరు. గేదెను అమ్మినప్పుడు కొన్నవాని పేరు ఎక్కించుటయు మఱతురు. బిళ్ల ఒకరిది, గేదె మఱొకరిదగును. మా యింటి ప్రక్కనున్న ముసలమ్మ తన గేదెను గౌరి యనియే పిలుచును, సంఖ్య ఆమెకు తెలియదు. అయినను మొన్న బిళ్ల ఊడగా దానిని కొంగున ముడివేసికొని, గేదెను వెంటబెట్టుకొని, ఎండలో పశువైద్యశాలకు నడచిపోయినది. ఉప్పెనలో ఆమెకు నాలుగు గేదెలు పోయినవి.