మత్తు దిగాకే అసలు గండం

గదిలోకి రాగానే ముందు చెవిన పడేది ఊపిరి యంత్రం చప్పుడు. గొంతులోకి దింపిన గొట్టం గుండా బుస్సుమని గాలి నింపుతుంది, ఆగుతుంది, మళ్ళీ నింపుతుంది. బల్ల మీద ఉన్నవాడు మూడేళ్ళ పందెపు గుర్రం, బార్బరో. బరువు అరటన్ను. 2006 మే 21, ఆదివారం. పెన్సిల్వేనియాలోని కెన్నెట్ స్క్వేర్ దగ్గర న్యూ బోల్టన్ సెంటర్ అనే పశువైద్యశాల.

పదిహేను రోజుల కిందటే కెంటకీ డెర్బీ పందేన్ని ఆరున్నర గుర్రాల పొడవు తేడాతో గెలిచాడు. అప్పటికి ఓటమి ఎరగడు. నిన్న బాల్టిమోర్‌లో ప్రీక్‌నెస్ పందెం. గేటు తెరవకముందే ఒకసారి దూసుకొచ్చేస్తే, వెనక్కి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఈసారి గేటు తెరుచుకున్న కాసేపటికే వెనక కుడికాలు అదుపు తప్పి వేలాడింది. జాకీ ఎడ్గార్ ప్రాడో కళ్ళేలు బిగబట్టి ఆపి, కిందికి దూకేశాడు. ఇంత దారుణంగా కాలు విరిగిన గుర్రానికి మామూలుగా అక్కడికక్కడే ప్రాణం తీసే సూదిమందు ఇచ్చేస్తారు. వీణ్ణి మాత్రం అంబులెన్సు ఎక్కించి, ముందు పోలీసు బండ్లు దారి చేస్తుండగా ఇక్కడికి తెచ్చారు.

సర్జన్ డీన్ రిచర్డ్‌సన్ ఎదుట ఎక్స్‌రేలున్నాయి. గిట్టకు పైనుండే ఎముక ఇరవైకి పైగా ముక్కలైంది. దానికి పైనున్న పొడవాటి ఎముకా విరిగింది. మధ్య కీలు తప్పింది. ఒక ఉక్కు పట్టీ, 27 స్క్రూలు పడతాయి. ఒక్కో స్క్రూకి ముందు డ్రిల్లు గిర్రుమంటుంది. ఆ కీలు ఇక జన్మలో వంగదు. వంగకూడదనే అలా బిగిస్తున్నారు. పరుగు ఊసు ఎవరూ ఎత్తడం లేదు, నడిస్తే చాలు. ఐదు గంటలు దాటిపోయాయి.

కుట్లు పూర్తయ్యాయంటే గండం గడిచిందనుకుంటాం. గుర్రం విషయంలో అప్పుడే మొదలవుతుంది. వేటాడే మృగాల్ని చూసి పారిపోయి బతికిన జాతి అది. మత్తు ఇంకా పూర్తిగా దిగకుండానే, నాలుగు కాళ్ళూ ఎక్కడున్నాయో తెలియకుండానే, లేచి ఉరకాలని చూస్తుంది. ఆ ఒక్క తన్నుకు ఐదు గంటల పనీ వృథా.

అందుకే ఇక్కడ ఒక కొలను ఉంది. ఒంటికి పట్టీలు కట్టి, పైనున్న పట్టాల మీద క్రేనుతో వాణ్ణి ఎత్తి, రబ్బరు తెప్పలోకి దించుతారు. తెప్పకు నాలుగు తొడుగులున్నాయి, ఒక్కో కాలికి ఒకటి. గోరువెచ్చటి నీళ్ళలో ఆ తెప్ప తేలుతుంటుంది. కళ్ళు తెరిచి తన్నుకున్నా కాలికి తగిలేది నీళ్ళే. పూర్తిగా తెలివొచ్చాక మళ్ళీ ఎత్తి, లాయంలోకి నడిపిస్తారు. బార్బరో రాత్రికల్లా తన కాళ్ళ మీద తను నిలబడ్డాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, గడ్డి మీద పడ్డాడు కూడా. బయట రిచర్డ్‌సన్ మాత్రం, బతుకుతాడా అన్నది బొమ్మా బొరుసే అని విలేకరులతో తేల్చి చెప్పాడు.

ఆ మర్నాటి నుంచి రోజులు ఇలా సాగుతాయి. యజమానుల్లో ఒకరైన గ్రెచెన్ జాక్సన్ తమ పొలంలో కోసిన పచ్చగడ్డి పట్టుకుని లాయం దగ్గరికొస్తుంది. వాడు ఆమె చేతిలోంచే లాక్కుని తింటాడు. చెవులు ఎటున్నాయి, కంట్లో మెరుపుందా, ఎడమకాలు మాటిమాటికీ ఎత్తుతున్నాడా అని ఆమె చూస్తూ ఉంటుంది. ఆసుపత్రి కంచె నిండా ఊరూపేరూ తెలియని వాళ్ళు కట్టిన బ్యానర్లు, పూలు. క్యారెట్లూ ఆపిల్‌పళ్ళూ కుప్పలుగా వస్తాయి.

చివరికి దెబ్బ తీసింది విరిగిన కాలు కాదు, బాగున్న కాలు. డెక్క మన గోరులాంటిది. ఆ గోరు మీదే గుర్రం ఒంటి బరువంతా నిలబెడుతుంది. లోపలి ఎముకను ఆ పెంకుకు పట్టి ఉంచేవి సన్నటి పొరలు. ఒక కాలు నొప్పిగా ఉండి, రెండో దాని మీదే వారాల తరబడి బరువు మోపితే ఆ పొరలకు రక్తం సరిగా అందదు, ఎముక పెంకు నుంచి విడిపోతుంది. అదే లామినైటిస్. జులైలో బార్బరో వెనక ఎడమకాలికి అదే వచ్చింది. డెక్క పెంకులో 80 శాతం కోసి తీసేయాల్సి వచ్చింది. కొత్త పెంకు పైనుంచి కిందికి పెరగాలి, దానికి నెలలు పడతాయి. అన్నాళ్ళూ గుర్రాన్ని పడుకోబెట్టి ఉంచలేం. కాళ్ళ మీది బరువు తగ్గించడానికి రోజులో కొన్ని గంటలు జోలెలాంటి పట్టీల్లో నిలబెట్టారు.

సంతానోత్పత్తికి వాడితే వచ్చే డబ్బుల కోసమే బతికిస్తున్నారని ఆ రోజుల్లో కొందరు నొసలు విరిచారు. నాకది నమ్మబుద్ధి కాదు. ఈ పందెపు జాతి గుర్రాలకు కృత్రిమ గర్భధారణ నిబంధనలు ఒప్పుకోవు. మగగుర్రం వెనక కాళ్ళ మీదే లేవాలి. వాడికి పాడైనవి సరిగ్గా ఆ రెండే.

ఆగస్టులో బయటికి నడిపించి పచ్చిక మేపే దాకా వచ్చింది. నవంబరులో కుడికాలి కట్టు తీసేశారు. ఇంటికి ఎప్పుడు తీసుకెళ్దామన్న మాటలు మొదలయ్యాయి. జనవరిలో ఎడమ డెక్క మళ్ళీ చెడింది. బరువు కుడికాలి మీదికి మళ్ళింది, దానికి ఇంకో ఆపరేషన్. ఆ తర్వాత ముందుకాళ్ళు రెండింటిలోనూ అదే జబ్బు. ఇక ఆనడానికి కాలు లేదు.

జనవరి 28 రాత్రి వాడికి స్థిమితం లేదు. ఎలా నిలబడ్డా నొప్పే. తెల్లారాక రాయ్, గ్రెచెన్ జాక్సన్ దంపతులు రిచర్డ్‌సన్‌తో కూర్చున్నారు. మొదటి రోజునుంచీ ముగ్గురూ పెట్టుకున్న షరతు ఒక్కటే, వాడు సుఖంగా ఉన్నంతకాలమే వైద్యం. ఉన్నాడా అంటే లేడు. పదిన్నర ప్రాంతంలో, నరానికి అప్పటికే పెట్టి ఉన్న గొట్టం గుండా మందు ఎక్కించారు.