భయం లేని తరగతి గది

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే త్రోవ పొడుగునా కొండలూ, చింతచెట్లూ, మెట్టచేలూ కనిపిస్తవి. వానలు తక్కువైన ఈ సీమలో, పిల్లవాని మనస్సు కలత చెందకుండా తరగతి గదిని ఎట్లా అమర్చాలనే ప్రశ్నకు దాదాపు నూరేళ్ళ చరిత్ర వున్నది.

భయానికీ చదువుకూ గల సంబంధాన్ని ముందుగా చూద్దాం. 1908లో అమెరికాలో యెర్క్స్, డాడ్సన్ అనే శాస్త్రజ్ఞులు చిట్టెలుకలకు తెల్ల పెట్టెనూ నల్ల పెట్టెనూ గుర్తుపట్టడం నేర్పారు. తప్పు చేసిన ఎలుకకు విద్యుత్తు తగిలేది. తేడా స్పష్టంగా వున్నప్పుడు, విద్యుత్తు తీవ్రమైనకొద్దీ అవి త్వరగా నేర్చుకొన్నవి. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం, తీవ్రమైన విద్యుత్తు తగిలినవి వెనుకబడినవి. బెత్తం చూపితే ఎక్కాలు వస్తాయేమో గాని లెక్క చేసే తెలివి రాదన్నమాట. దీనికి కారణం శరీరంలోనే వున్నది. భయపడినప్పుడు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలను రక్తంలోకి వదులుతవి. గుండె వేగం హెచ్చుతుంది. దేహం పారిపోవడానికి సిద్ధమౌతుంది. విషయాన్ని నిలుపుకొని ఆలోచించే మెదడు ముందుభాగం ఆ క్షణంలో మందగిస్తుంది.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యంలో చదువు రాక తరచు దెబ్బలు తిన్నారు. పెద్దయిన పిమ్మట, భయం వున్నచోట తెలివి వికసించదని ఆయన జీవితాంతం చెప్పారు. మదనపల్లెకు చేరువలోని రిషీ వ్యాలీలో ఆయన ఆశయాలతో నెలకొన్న పాఠశాల 1930వ దశకం నుంచి నడుస్తున్నది. ఇంచుమించు ఆ కాలంలోనే, 1939లో, మేరియా మాంటిసోరి మద్రాసు వచ్చారు. 1907లో రోములో తెరిచిన పిల్లల ఇంటిలో ఆమె బల్లలనూ కుర్చీలనూ పిల్లల ఎత్తుకు తగ్గించిన సంగతి ప్రసిద్ధం.

అయితే రిషీ వ్యాలీలోనిది రుసుము చెల్లించి చదివే వసతి పాఠశాల. మరి చుట్టుపట్ల పల్లెల పిల్లల మాటేమిటి? ఒకే గది, ఒకే పంతులు, అయిదు తరగతులు. ఒక తరగతికి పాఠం చెబుతుంటే తక్కినవారు గోల చేస్తారు. గోలను అణచడానికి బెత్తం లేస్తుంది. 1980వ దశకంలో అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం ఈ చిక్కును విప్పడానికి పూనుకొన్నది. పాఠాలను చిన్న చిన్న అట్టలుగా విడగొట్టి, వాటిని నిచ్చెన మెట్లవలె క్రమపరిచారు. పిల్లలు గుంపులుగా నేలమీద కూర్చుంటారు. కొందరు ఉపాధ్యాయునితో, కొందరు తోటివారితో, కొందరు తమంతట తామే నేర్చుకొంటారు. గోడమీది నల్లబల్ల పిల్లల చేతికి అందుతుంది. చేని పనికో, గొర్రెల వెంటనో పోయి నాలుగు రోజులు బడి మానిన పిల్లవాడు, తాను విడిచిన మెట్టు నుంచే మళ్ళీ ఎక్కుతాడు. అతనికి తలవంపు లేదు. ఈ పద్ధతి 1995లో కర్ణాటకంలో 'నలి-కలి'కీ, 2003లో మద్రాసు కార్పొరేషను బడులలోని మార్పుకూ ప్రేరణ అయింది.

1999లో స్థాపితమైన అగస్త్య సంస్థ కుప్పం ప్రాంతంలో విజ్ఞానశాస్త్రంలో ఇటువంటి కృషే చేస్తున్నది. అక్కడ పిల్లలు పరికరాలను స్వయంగా చేతబట్టి ప్రయోగాలు చేస్తారు. తోటి పిల్లలకు తామే వివరిస్తారు. ప్రశ్న అడగడానికి జంకనక్కరలేదు.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తాన్ని చట్టం తీసివేయగలదు గాని, గదిని అమర్చవలసినవారు ఉపాధ్యాయులే. తరగతి గదిలో పరిసరాల రొద 35 డెసిబెల్సుకు మించరాదని 1999లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించింది. వట్టి గోడలకు తగిలి ధ్వని మారుమ్రోగుతుంది. ఈతచాపలూ, గుడ్డ తెరలూ దానిని కొంత పీల్చుకొంటవి. ప్రక్కనుంచి వెలుతురు రావడం, నల్లబల్ల క్రిందికి దిగడం, వెనుకబడిన బిడ్డకు తన మెట్టు తనకు వుండడం - వీటికి పెద్ద ధనం అక్కరలేదు. పల్లెలోని ఒంటి గది బడి కూడా వీటిని సాధించగలదని మదనపల్లె చుట్టుపట్ల బడులు నిరూపించినవి.